రెండో చీటీ

ఉదయం ఏడూ అయిదు. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ షాపు మేడమీదున్న తన ఆఫీసులో డిటెక్టివ్ లీలావతి ఒకే కాగితం మీద మూడోసారి గీతలు గీసుకుంది. మూడోసారీ అర్థం కాలేదు.

ఆవిడ ఇరవై రెండేళ్లు బందరు పోలీసు ఆఫీసులో పాస్‌పోర్టు వెరిఫికేషన్ ఫైళ్లు చూసిన మనిషి. ఆ నీలం పుస్తకం ఆవిడకి కొట్టినపిండి. అయితే దాన్ని పుచ్చుకుని విమానం ఎక్కినవాళ్లు అవతల ఏ కాగితం పట్టుకుని బతుకుతారో ఆవిడ ఎప్పుడూ కనుక్కోలేదు. ఇప్పుడు కనుక్కోవాల్సి వచ్చింది, అదీ ఒక్క రోజులో.

ఫోన్ తెర మీద దివ్యశ్రీ. టెక్సాస్‌లో రాత్రి భోజనాల వేళ. ఇరవై అయిదేళ్ల పిల్ల, మొహం పీక్కుపోయి ముప్పై అయిదేళ్లదానిలా ఉంది.

"మళ్లీ మొదట్నుంచీ చెప్పమ్మా. నాకేమీ తెలీదనుకునే చెప్పు."

"స్టూడెంట్ వీసా మీద వచ్చాను ఆంటీ. చదువయ్యాక ఏడాదిపాటు ఉద్యోగం చేసుకోనిస్తారు. దాన్ని ఓపీటీ అంటారు. అది జూన్‌లో అయిపోయింది."

"అయిపోతే మరి ఇంకా అక్కడెలా ఉన్నావు?"

"వర్క్ వీసాకి లాటరీ ఉంటుంది. మార్చిలో మా కంపెనీ నా పేరు వేసింది, తగిలింది. అక్టోబరు ఒకటి నుంచి వర్క్ వీసా మొదలవ్వాలి. జూన్‌కీ అక్టోబరుకీ మధ్య ఖాళీ ఉంది కదా. లాటరీ తగిలినవాళ్లని ఆ ఖాళీలో ఉండనిస్తారు. దాని పేరు క్యాప్ గ్యాప్."

"అంటే ఈ ఒడ్డు వదిలేశావు, ఆ ఒడ్డు ఎక్కలేదు. పంటు మీద ఉన్నావు."

"అంతే. ఆ పంటే ఇప్పుడు మునిగేలా ఉంది."

మిగతాది లీలావతికి నిన్ననే తెలుసు. అమెరికా వీసా ఆఫీసు నుంచి కంపెనీకి ఉత్తరం వచ్చింది. ఎన్ని కంపెనీలు ఒక మనిషి పేరు వేసినా పాస్‌పోర్టు నంబరు ఒకటే ఉండాలి, అప్పుడు అన్నీ కలిపి ఒక్క అవకాశం కిందే లెక్క. దివ్యశ్రీ పేరు మాత్రం రెండు నంబర్లతో ఉంది. కొత్త పాస్‌పోర్టు నంబరుతో వేసింది ఆ పిల్ల పనిచేసే కంపెనీ. గడువు తీరిపోయిన పాత పాస్‌పోర్టు నంబరుతో వేసింది ఎవరూ పేరైనా వినని ఇంకో కంపెనీ. ఆ కంపెనీకి పేర్లు పంపేది గుడివాడలో భరత్ అనే కుర్రాడి కన్సల్టెన్సీ అని లీలావతి నిన్న సాయంత్రానికే తీగ లాగింది.

"మీ కంపెనీవాళ్లు ఏమంటున్నారు?"

"వాళ్ల లాయర్లు అక్కడ వేరే డిటెక్టివ్‌ని పెట్టారు. మీ టైం ప్రకారం ఈ సాయంత్రం అయిదింటికి ఆయన రిపోర్ట్ ఇవ్వాలి. వాళ్లకి కావాల్సింది ఒక్కటే, ఈ సంగతి నాకు తెలుసా తెలీదా. తెలుసని రాస్తే నా అప్లికేషన్ వెనక్కి తీసుకుంటారు. ఆ క్షణంతో క్యాప్ గ్యాప్ కూడా పోతుంది. మోసం అని ముద్ర పడితే ఇంక జన్మలో ఏ వీసా రాదు ఆంటీ."

"నీకు తెలీదు కదా?"

"తెలీదు. అన్నట్టు మా ఊరు వెళ్తే అన్నయ్యతో మాట్లాడండి. అమ్మ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆవిడకి వీసా అంటే ఏంటో తెలీదు, ఊరికే కంగారు పడుతుంది."

లీలావతి కాగితం మీద 'అమ్మ, వద్దు' అని రాసుకుంది. అన్నిట్లోకీ అర్థమైన మాట అదొక్కటే.

గుడివాడ బస్టాండులో దిగేసరికి తొమ్మిదీ ఇరవై. భరత్ కన్సల్టెన్సీ రెండో అంతస్తులో ఉంది. ఏసీ గదిలో గోడ నిండా జెండాలు. వాటి కింద కూర్చున్న భరత్‌కి ముప్పై ఏళ్లుంటాయి. మాట తేనెలా ఉంది, కాళ్లు మాత్రం టేబుల్ కింద ఊగుతూనే ఉన్నాయి.

"దివ్యశ్రీ గారి పేరు మీరే పంపారు కదా?"

"మేం రోజుకి యాభై పేర్లు పంపుతామండీ."

"నేనడిగింది ఒక్క పేరు గురించే. మార్చి పద్దెనిమిది, మంగళవారం. మీ కంప్యూటర్లో పడిన టైము పదకొండూ నలభై."

భరత్ కాళ్లు ఆగాయి. "ఆవిడే మెయిల్ చేశారండీ. పాస్‌పోర్టు కాపీ కూడా ఆవిడే పంపారు. ఆ మెయిల్ డిలీట్ అయిపోయింది."

"కాపీ ఉందా?"

"అది నా దగ్గరుంది లీలావతమ్మా," అని వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది.

లీలావతి తిరిగి చూడకుండానే గుర్తుపట్టింది. పిచ్చేశ్వరరావు. సీఐగా రిటైరై గుడివాడలోనే డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. సర్వీసులో ఉన్నప్పుడు ఆయన టేబుల్ మీదికి ఫైళ్లు మోసింది లీలావతే. అవి చదవకుండా సంతకం పెట్టింది ఆయన. కంపెనీ లాయర్లు పెట్టుకున్న డిటెక్టివ్ ఈయనా అని ఆవిడకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

"కేసు అయిపోయిందమ్మా. కుర్రాడు స్టేట్‌మెంట్ ఇచ్చేశాడు. అమ్మాయి రెండు చేతులా తిందామనుకుంది, దొరికిపోయింది. అయిదింటిదాకా ఆగడం దేనికి, మధ్యాహ్నానికే పంపించేస్తా."

"ఆ కాపీ ఒకసారి చూపిస్తారా సార్?"

"చూడు, చూస్తే అరిగిపోతుందా."

ఆయన ఫైలు తెరిచాడు. పాస్‌పోర్టు మొదటి పేజీ జెరాక్స్. దివ్యశ్రీ ఫోటో, పాత నంబరు. లీలావతి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పెట్టింది. పిచ్చేశ్వరరావు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"భరత్ గారూ, మెయిల్లో వచ్చింది ఇక్కడే ప్రింట్ తీశారా?"

"అవునండీ."

"తీసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆ మడతలు నలిగేదాకా బొడ్లో దోపుకుని తిరిగారా?"

లీలావతి పిచ్చేశ్వరరావు వైపు తిరిగింది.

"సార్, మీరిటు చూడండి. జెరాక్స్‌లో పాస్‌పోర్టు మూల కనిపించడం లేదు, ఏటవాలుగా తెగిపోయింది. కొత్త పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు పాతదాని మూల కత్తిరించి రద్దు చేస్తారు. అంటే ఈ కాపీ తీసింది కొత్తది వచ్చాక. కొత్తది వచ్చిన నెలకే అమ్మాయి అమెరికా వెళ్లిపోయింది, పాతది ఇంట్లో పెట్టెలో వదిలేసి. మరి అమెరికాలో ఉన్న పిల్ల, దివిసీమలో పెట్టెలో ఉన్న పుస్తకాన్ని ఎలా జెరాక్స్ తీసింది?"

పిచ్చేశ్వరరావు మొహం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. "ఇంట్లోవాళ్ల చేత తీయించింది. నువ్వు చెప్పినదానివల్ల నా కేసే గట్టిపడింది."

ఆ మాట నిజమే. పిల్లని బయటపడేద్దామని తవ్వితే ఆ మట్టి వచ్చి పిల్ల మీదే పడుతోంది. జెరాక్స్ వెనక్కి తిప్పింది. వెనకాల పెన్సిల్‌తో పెద్దగా '2' అని అంకె, దాని కింద అడ్డగీత.

"ఇదేంటి?"

"రెండో పేజీ అని అయ్యుంటుందండీ," అన్నాడు భరత్. "అలాగే వచ్చింది."

"ఎవరు తెచ్చారు?"

"నేను లేనప్పుడు ఎవరో రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లారు. ఆ రిసెప్షన్ అమ్మాయి ఇప్పుడు మానేసింది."

"ఇందాక మెయిల్ అన్నారు."

"మెయిల్ కూడా వచ్చిందండీ."

ఈ కుర్రాడు ఇంకో ప్రశ్నకి పావురం తెచ్చిందంటాడని లీలావతి తలుపు వైపు నడిచింది. పిచ్చేశ్వరరావు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఆ పెట్టె చూడ్డానికి. మధ్యాహ్నమే పంపించేస్తానన్నారు, పంపండి. రేపు ఆ పెట్టెలో మీ రిపోర్టుకి ఎదురుతిరిగేది ఏదైనా దొరికితే అమెరికా లాయర్లకి నేనే రాస్తా, పిచ్చేశ్వరరావు గారు చూడకుండా సంతకం పెట్టారని. ఆయనకి అలవాటేనని కూడా."

ఆయన కారు తాళాలు తీశాడు. "పద, నేనూ వస్తా. నువ్వు సాక్ష్యం మాయం చేయవని నమ్మకమేంటి?"

ఆయన కార్లోనే, ఆయన పక్కనే కూర్చుని వెళ్లాల్సి వచ్చింది. పామర్రు నుంచి అవనిగడ్డ దాటేదాకా లీలావతి ఒళ్లో కాగితం పెట్టుకుని పేర్లు రాసి కొట్టేస్తూ కూర్చుంది. భరత్‌కి పాత పాస్‌పోర్టు ఎలా దొరుకుతుంది? అన్నయ్యకి వీసా లాటరీ సంగతి ఎలా తెలుస్తుంది? రెండో పేజీ ఉంటే మొదటి పేజీ ఏమైంది? ఏ ప్రశ్నకీ ఇంకో ప్రశ్న తప్ప జవాబు రాలేదు.

నాగాయలంక దాటాక పడవలదిబ్బ అనే పల్లె. ఏరు సముద్రంలో కలిసేచోట వలలు కట్టుకుని బతికే ఇళ్లు. రెండూ ఇరవైకి దివ్యశ్రీ వాళ్లింటి ముందు కారు ఆగింది. అన్న నరేంద్ర వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. వీళ్లని చూసి లేచాడు.

"రండి అండీ. చెల్లి ఫోన్ చేసింది. అమ్మ ఇంట్లో లేదు, మంగళవారం కదా, ఎండుచేపలేసుకుని సంతకెళ్లింది."

"మార్చిలో నువ్వెక్కడున్నావు నరేంద్రా?"

"కాకినాడలో అండీ. బోటు ఇంజను చెడిపోతే పదో తారీకున ఎల్లి పాతిక్కి తిరిగొచ్చా. హార్బరోళ్లని అడగండి, రాసుకుంటారు."

లీలావతి అతని పేరు కొట్టేసింది. కాగితం మీద ఇంక ఎవరూ మిగల్లేదు.

ట్రంకుపెట్టె లోపలి గదిలో మంచం కింద ఉంది. తాళం లేదు. నరేంద్ర బయటికి లాగి మూత తీశాడు. పైన పట్టుచీర, దాని కింద దివ్యశ్రీ టెన్త్ సర్టిఫికెట్, కాలేజీ ఫోటోలు. అడుగున పాలిథిన్ కవర్లో పాత పాస్‌పోర్టు. మూల తెగి ఉంది. కవరుకి దారం చుట్టి ముడేసి ఉంది.

"ఈ ముడి ఎవరిది?"

"అమ్మదండీ. వల ముడి. ఆవిడ ఏది కట్టినా అలాగే కడతది."

పాస్‌పోర్టు పక్కనే రబ్బరుబ్యాండు వేసిన అట్టముక్కల కట్ట. లీలావతి ఒకటి తీసింది. ముందువైపు 'అంకమ్మ' అని పేరు. వెనక్కి తిప్పింది. పెన్సిల్‌తో '1', కింద అడ్డగీత. ఇంకోటి తీసింది. '2', కింద అడ్డగీత. అదే చెయ్యి, అదే గీత.

"ఇవేంటి?"

"మా చీట్లండీ. ఏటిమొగలో వల కట్టే తావులకి ఏటా చీట్లు తీస్తారు. ఏ తావొస్తే ఏడాదంతా అక్కడే కట్టుకోవాలి. వలకో చీటీ. మాకు రెండు వలలు, అందుకని రెండు చీట్లు. నాన్న పోయాక అమ్మే ఏస్తంది."

"ఈ సంవత్సరం ఎప్పుడు తీశారు?"

"మార్చి పదహారు, ఆదివారం. నేను లేను. ఒకటోది పనికిరాని తావుకొచ్చింది. రెండోది మాత్రం... ఇరవై ఏళ్లలో అంత మంచి తావు మాకెప్పుడూ పడలేదండీ."

ఆదివారం పదహారు. మంగళవారం పద్దెనిమిది. లీలావతి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఆవిడకి అర్థమవుతోంది, కానీ అర్థం కాకపోతేనే బాగుండుననిపించింది. పిచ్చేశ్వరరావు గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఈయన కళ్లపడకముందే కట్ట మూసేద్దామా అని ఒక్క క్షణం చెయ్యి ముందుకు వెళ్లింది కూడా.

మూడూ నలభైకి వాకిట్లో ఆటో ఆగింది. అంకమ్మ ఖాళీ గంప చంకనెట్టుకుని దిగింది. నల్లగా, గట్టిగా, యాభై దాటిన మనిషి. లోపలికొచ్చి కొత్త మొహాల్ని చూసింది, తెరిచిన పెట్టెని చూసింది, చివరికి లీలావతి చేతిలో జెరాక్స్‌ని చూసింది.

"అది నా కాగితం. మీ దగ్గరకెలా వచ్చిందమ్మా?"

పిచ్చేశ్వరరావు ఫోన్ జేబులోకి వెళ్లలేదు. తెర మీద రికార్డింగ్ ఎర్రచుక్క వెలిగింది.

"నీ కాగితమా?" అన్నాడు ఎంతో మెత్తగా. "దేనికమ్మా అది?"

"మా పిల్లకి చీటీ ఏయించా. అమెరికాలో ఉజ్జోగానికి చీట్లు తీస్తారంట కదా, కంపెనీ ఒకటే ఏసిందని చెప్పింది. ఒక్క చీటీతో ఎట్టా అని నాకు నిద్ర పట్టలా. మొన్న మాకు రెండో చీటీయే కదా కలిసొచ్చింది. పిల్లకి రెండు పుస్తకాలున్నాయి, ఒకటి ఊరికే పెట్టెలో పడుంది. గుడివాడ సంతకెళ్లినప్పుడు ఆ కుర్రాడి బోర్డు చూసి పైకెల్లా. ఇంకో చీటీ ఏస్తావా బాబూ అంటే ఏస్తానన్నాడు. ఎనకాల నంబరు నేనే రాశా, కలిసిపోకండా."

"భరత్ తప్పని చెప్పలేదా?" అంది లీలావతి.

"రెండు పుస్తకాలుంటే రెండు ఏసుకోవచ్చన్నాడే."

ఇంతమందిని ఇన్ని ప్రశ్నలు అడిగి, అడగాల్సిన ఒక్క మనిషినీ అడగలేదు. ఎందుకు అడగలేదంటే వద్దన్నారు కాబట్టి. వద్దన్నది ఎవరు?

పిచ్చేశ్వరరావు ఆ ప్రశ్న దగ్గరికి వేరే దారిలో వచ్చేశాడు. "అమ్మాయికి ఈ సంగతి చెప్పావా అమ్మా?"

"చెప్పకండా ఎట్టా ఉంటానయ్యా. ఆ సాయంత్రమే ఫోన్లో చెప్పా, నీకు రెండో చీటీ కూడా ఏయించానమ్మా అని."

"ఏమంది?"

"కాసేపు మాట్లాళ్లేదు. తర్వాత, సరేలే అమ్మా, డ్యూటీకి టైమైంది అంది."

నరేంద్ర తల్లి వంక చూసి తల అడ్డంగా ఊపాడు. అంకమ్మ అందరి మొహాలూ చూసింది. సంతలో నలభై ఏళ్లు మొహాలు చూసి బేరం చెప్పిన మనిషికి ఇక్కడేదో తేడా వచ్చిందని తెలీకపోవడమంటూ ఉండదు.

"ఏంటమ్మా? రెండు చీట్లు ఏస్తే తప్పా?"

"అక్కడ తప్పే అంకమ్మా," అంది లీలావతి. "మనిషికి ఒకటే. రెండున్నాయని తెలిస్తే మోసమంటారు. నీ కూతురికి ముందే తెలుసని ఈయన రాస్తే వచ్చిన చీటీ కూడా పోతుంది. పిల్లని వెళ్లిపొమ్మంటారు."

అంకమ్మ గంప కింద పెట్టింది. పెట్టి పిచ్చేశ్వరరావు ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యా, నేను చెప్పలేదు. ఏదో నోరు జారింది. పిల్లతో ఆ రోజు మాట్లాళ్లేదు, తర్వాత కూడా చెప్పలా. అది రాసుకోండి."

"రికార్డయిపోయిందమ్మా."

"అయితే ఇదీ అవుతంది కదా. ఇది రాసుకోండి."

"సార్," అంది లీలావతి. "రెండో చీటీ అంటే ఆ పిల్లకి ఏమర్థమై ఉంటుంది? ఈ ఊళ్లో వల గురించి చెప్తోందనుకుని ఉండొచ్చు. డ్యూటీ హడావిడిలో సగం విని ఉండొచ్చు. అది తెలిసినట్టు ఎలా అవుతుంది?"

పిచ్చేశ్వరరావు ఆలోచించాడు. చెడ్డవాడు కాదు ఆయన, తొందర మనిషి. "నిజమే, అవకాశం ఉంది. అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు. అమ్మ చెప్పిన సంగతి ఎత్తొద్దు. ఊళ్లో ఉన్నానని ఒక్క మాట చెప్పి ఊరుకో. తెలీని పిల్ల ఏం మాట్లాడుతుందో, తెలిసిన పిల్ల ఏం మాట్లాడుతుందో నాకు తేడా తెలుస్తుంది. తెలీదనిపిస్తే అలాగే రాస్తా, మాటిస్తున్నా."

నాలుగూ ఎనిమిది. అక్కడ ఇంకా తెల్లారలేదు. ఒక్క రింగుకే ఎత్తింది. నిద్రపోతున్న మనిషి అలా ఎత్తదు.

"దివ్యా, మీ ఊళ్లో ఉన్నానమ్మా."

లీలావతి మనసులో, దొంగ దొరికాడా అని అడుగు తల్లీ, పెట్టెలో ఏం దొరికిందని అడుగు అని బతిమాలుకుంది.

"అమ్మ వచ్చేసిందా ఆంటీ?"

పిచ్చేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు.

"చెప్పేసింది కదా. మీ గొంతులోనే తెలుస్తోంది." ఆ పిల్ల ఏడవలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది వినడానికి. "ఆ రోజు అమ్మ చెప్పగానే నాకు అర్థమైంది. లాటరీ గడువు ఇంకా ఆరు రోజులుంది. అప్పుడే మా కంపెనీకి చెప్పుంటే అయిపోయేది. చెప్తే మా అమ్మని దొంగ అంటారనిపించింది. ఎవరు చూస్తారులే అనుకున్నా."

"మరి నన్నెందుకు పెట్టుకున్నావమ్మా?"

"మీరు వెతికితే దొరకనిది ఎవరికీ దొరకదన్నారు ఆంటీ. అమ్మ పేరు మీకే దొరక్కపోతే ఇంకెవరికీ దొరకదు కదా. అది తెలుసుకుందామనే పెట్టుకున్నా."

అంకమ్మ వంగి, లీలావతి చేతిలోని ఫోన్‌కి నోరు దగ్గరగా పెట్టింది.

"దివ్యా, ఈడెవరో రికార్డు చేస్తన్నారు. పెట్టెయ్యమ్మా ఫోను."